జీడిపప్పు డబ్బా మీద డబ్ల్యూ

పలాస–కాశీబుగ్గ జంట పట్టణంలో బడిమెట్లు ఎక్కనివాళ్ల నోట కూడా ఒక ఇంగ్లిషు అక్షరం తరచుగా వినిపిస్తుంది. అది ఏ కాదు, బీ కాదు. వరుసలో ఎక్కడో చివర నక్కి ఉండే డబ్ల్యూ. ‘డబ్ల్యూ 240’, ‘డబ్ల్యూ 320’ అంటూ జీడిపప్పు ధర పలికే ఊరది. డబ్ల్యూ అంటే ‘వైట్ హోల్స్’, బద్దలు కాని తెల్లటి గుండు పప్పు. పక్కనున్న అంకె పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతాయో చెబుతుంది. అంకె పెరిగితే గుండు చిన్నదవుతుంది, ధర దిగుతుంది.

సరుకు అమ్మేది కిలోల్లో. గింజల లెక్క మాత్రం మన దేశం ఎప్పుడో వదిలేసిన పౌనులో. ఆ పౌనును పొట్టిగా రాస్తే ‘ఎల్‌బి’. ఇంగ్లిషులో పౌను అన్న మాటను ఎన్నిసార్లు కూడబలుక్కున్నా అందులో ఎల్ దొరకదు, బి దొరకదు. అవి లాటిన్‌లో త్రాసుకూ, ఆ పేరుతోనే ఉన్న తూనికకూ చెల్లే ‘లిబ్రా’ అనే మాటలోవి. మనిషి ఇంగ్లిషులో మాట్లాడుతూ లాటిన్‌లో తూచాడన్నమాట.

డబ్ల్యూ కథ అంతకంటే చిత్రమైనది. రోమన్లు స్థిరపరచుకున్న లిపిలో 23 అక్షరాలే ఉండేవి. ఐ, జె రెండూ ఒకటే. యు, వి రెండూ ఒకటే. డబ్ల్యూ అసలు లేదు. ఆ లిపిని ఇంగ్లండులోని క్రైస్తవ సన్యాసులు తమ భాషకు తొడగబోతే, పెదవులు సున్నాలా చుట్టి పలికే ధ్వనికి అక్షరం కరవైంది. కొందరు యు పక్కన ఇంకో యు పెట్టి సరిపుచ్చుకున్నారు. తర్వాత అది నచ్చక, రూనులనే పాత రాతలోంచి ‘విన్’ అనే అక్షరాన్ని తెచ్చుకున్నారు. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు దిగారు. వాళ్ల లేఖకులకు విన్ పరాయిది. జోడు యు మళ్లీ వచ్చింది, 1300 ప్రాంతానికి విన్ మాయమైంది. పేరు ‘రెండు యులు’ అయినా ఆకారం రెండు విలు పక్కపక్కన పెట్టినట్టుండడానికి కారణం అప్పట్లో ఆ రెంటికీ తేడా లేకపోవడమే. ఫ్రెంచివాళ్లు మాత్రం కళ్లకు కనిపించినట్టే దాన్ని ‘రెండు విలు’ అంటారు. తెలుగువాడికి ఈ తగువే లేదు. తొడుక్కునే వెస్టయినా, పడమటి దిక్కు వెస్టయినా అన్నీ ఒకే ‘వ’లో ఇమిడిపోతాయి.

‘వైట్ హోల్స్’ను ఇంగ్లిషులో రాస్తే రెండు మాటలూ డబ్ల్యూతోనే మొదలవుతాయి. మొదటిదాంట్లో అది పలుకుతుంది, రెండోదాంట్లో నోరు మెదపదు. తెలుపుకు పాత ఇంగ్లిషు మాట ‘హ్వీట్’. అప్పుడు హెచ్ ముందుండేది, ‘వ’ ధ్వని దాని వెనక వచ్చేది. తర్వాతి లేఖకులు వరుస మార్చి డబ్ల్యూను ముందుకు లాగారు. మొత్తం అనే అర్థమున్న ‘హోల్’ సంగతి మరీ అన్యాయం. దాని పాత రూపం ‘హాల్’. ఆరోగ్యాన్ని చెప్పే ‘హెల్త్’, గాయం మానడాన్ని చెప్పే ‘హీల్’ దాని తోబుట్టువులు. వాటిల్లో ఎక్కడా డబ్ల్యూ లేదు. 15వ శతాబ్దంలో ఆ మాటకు ముందు డబ్ల్యూ వచ్చి చేరింది, ఆ తర్వాత దాన్ని దింపే నాథుడు లేకపోయాడు. పలాసలో గుండు పప్పుకు ఖరీదు కట్టే అక్షరంలో సగం ఆరు వందల ఏళ్ల నాటి పొరపాటు.

పప్పు పేరులో కూడా ఒక తగ్గుదల ఉంది. బ్రెజిల్‌లో టుపీ భాష మాట్లాడే ఆదివాసులు ఈ చెట్టును ‘అకజూ’ అన్నారు. పోర్చుగీసువాళ్లు ‘కజూ’ అని తగ్గించి, 16వ శతాబ్దంలో చెట్టుతో పాటు పేరునూ మన పడమటి తీరానికి తెచ్చారు. ఇంగ్లిషువాళ్ల చేతిలో అది ‘క్యాషూ’ అయింది, చివర ‘ఊ’ రాయడానికి ఇ పక్కన డబ్ల్యూ పెట్టుకున్నారు. మొదటి ‘అ’ దారిలోనే రాలిపోయింది. మాట మొదట్లో ఇలా అక్షరం జారిపోవడం కొత్తేమీ కాదు. సంస్కృతంలో నారంగం, తెలుగులో నారింజ అయిన పండు ఐరోపా చేరేసరికి ‘న’ పోగొట్టుకుని ఆరెంజ్ అయింది.

తెలుగువాళ్లు విదేశీ పేరు జోలికి పోలేదు. ఇంట్లో ఉన్న పేరునే కొత్త చెట్టుకు తగిలించారు. మనకు ‘జీడి’ అనే చెట్టు అంతకు ముందే ఉంది. దాని కాయ రసం బట్టకు తగిలితే నల్లటి మరక పడుతుంది, ఉతికినా పోదు. చాకళ్లు ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి ఆ రసంతోనే గుర్తులు పెట్టేవారు. ఇంగ్లిషువాళ్లు ఆ కాయకు గుర్తులు పెట్టే గింజ అనే అర్థంలో ‘మార్కింగ్ నట్’ అని పేరు పెట్టారు. సముద్రం దాటి వచ్చిన చెట్టు గింజ పెంకులో అలాంటి జిడ్డు రసమే ఉండడంతో అది జీడిమామిడి అయింది. చెరగని సిరా అసలు జీడిది. పలాస పేరు మోసింది మాత్రం దాని పేరు అప్పు తెచ్చుకున్న చెట్టుతో.

మన దగ్గర్నుంచి ఇంగ్లిషులోకి పోయిన మాట కూడా ఒకటుంది. పొలం గట్లను తొలిచే పందికొక్కు ఇంగ్లిషులో ‘బ్యాండికూట్’ అయి నిఘంటువెక్కింది. తర్వాత ఆస్ట్రేలియాలో కనిపించిన, పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేని ఒక సంచిజంతువుకు ఆ పేరే పెట్టారు.

పేర్లు ఇంగ్లిషులోకి వెళ్తే ఏమవుతుందో చూడాలంటే పలాస చుట్టుపక్కలి ఉద్దానం ప్రాంతంలో రైలెక్కితే చాలు. పలాసను ఇంగ్లిషులో రాస్తే మూడు ఎలు వస్తాయి. ఒక్కో ఎను ‘అ’ అనైనా చదవొచ్చు, ‘ఆ’ అనైనా చదవొచ్చు. అంటే ఆ ఒక్క పేరును ఎనిమిది రకాలుగా పలకడానికి వీలుంది. పలస, పాలస, పలాసా... సరైనది వాటిల్లో ఒక్కటే. మందసను మండస అన్నా ఇంగ్లిషు రాత అభ్యంతరం చెప్పదు. కవిటి కవితి అవుతుంది. ఉద్దానం ఉడ్డానం అవుతుంది. టెక్కలిని తెక్కలి అంటే ఊరివాళ్లు నవ్వుతారు గానీ రాతలో తప్పు లేదు.

ఇదంతా ఇంగ్లిషు చెవి చేసిన పని. నాలుక కొనను పళ్లకు ఆనించి ‘త’, నాలుకను వెనక్కి మడిచి ‘ట’ అనడం మనకు ఉగ్గుపాలతో వచ్చే విద్య. ఇంగ్లిషులో ‘టి’ పలికేటప్పుడు నాలుక ఈ రెంటికీ మధ్య, పైపళ్ల వెనక చిగురు మీద తగులుతుంది. మన చెవికి అది ‘ట’ లాగే వినిపిస్తుంది. అందుకే టేబుల్, డాక్టర్ మన దగ్గర ట, డలతో స్థిరపడ్డాయి. మరి లత, సీత అని ఇంగ్లిషులో ఎలా రాయాలి? దక్షిణాదివాళ్లు ‘టి’కి హెచ్ జోడించి ‘త’ అనుకున్నారు. వజ్రపుకొత్తూరు పేరులోకి హెచ్ వచ్చింది అలాగే. ఉత్తరాదివాళ్లకు అదే జోడీ ‘థ’. దాంతో మన లత ఢిల్లీ చేరి ‘లథ’గా పిలిపించుకుంటుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చిన తుఫానుకు పేరు పెట్టింది పాకిస్తాన్. ఆ మాటకు సీతాకోకచిలుక అని అర్థం. తెలుగు పత్రికలు దాన్ని ‘తిత్లీ’ అని రాశాయి, అదే సరైనది. ఇంగ్లిషు అక్షరాలు మాత్రమే చూసినవాళ్లు ‘టిట్లీ’ అంటే తప్పుపట్టడానికి లేదు.

బ్రిటిషువాళ్లకు ఈ గొడవ తెలియక కాదు. ఒకే ఊరిని ఒక్కో దొర ఒక్కోలా రాస్తుంటే పన్నుల లెక్కలూ పటాలూ కలవక, 19వ శతాబ్దం రెండో సగంలో విలియం విల్సన్ హంటర్ ఒక పద్ధతి తెచ్చాడు. అచ్చులకు స్థిరమైన విలువలిచ్చి, దీర్ఘానికి అక్షరం నెత్తిన ఒక గీత పెట్టమన్నాడు. 1870ల్లో ప్రభుత్వం దాన్ని ఒప్పుకుంది. అయితే త–ట, ద–డ తేడా ఐరోపావాడి చెవికి సరిగా అందదు కనుక చదివేవాణ్ణి ఆ తేడా చూపే చుక్కలతో ఇబ్బంది పెట్టడం దేనికని ఇంపీరియల్ గెజిటీర్ వాటిని వదిలేసింది. ఊళ్లు మనవి, చెవి వాళ్లది. కాలక్రమంలో బోర్డుల మీద నుంచి ఆ దీర్ఘపు గీతలు కూడా రాలిపోయాయి. మిగిలిన అస్థిపంజరాన్నే ఇప్పుడు ఫోనులో దారి చెప్పే గొంతు చదువుతోంది.

హంటర్‌కు ముందున్న రాతలు చూస్తే ఆయన్ని మెచ్చుకోవాలనిపిస్తుంది. కళింగపట్నం, కాకినాడ, కడప అప్పట్లో సితో మొదలయ్యేవి. కాకినాడ ఏకంగా ‘కొకనాడ’. సి అనేది అక్షరమాలలో నిలకడ లేని మనిషి. తొలిరోజుల్లో రోమన్లు దాంతోనే క, గ రెండూ రాసేవారు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో దానికే ఒక చిన్న గీత తగిలించి జి చేసుకున్నారు. ఆ తర్వాత సి ఒకచోట ‘క’, ఒకచోట ‘స’, హెచ్ తోడైతే ‘చ’. తన సొంత ధ్వని అంటూ ఏదీ లేకుండానే రెండు వేల ఏళ్లకు పైగా కాలక్షేపం చేసింది. కడప ఇంగ్లిషు పేరులోని సిని తీసేసి కె పెట్టడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది.

శ్రీకాకుళానికి ఇంగ్లిషువాళ్లు వాడిన పేరు ‘చికాకోల్’. నవాబుల కాలంలో పన్ను సొమ్ము మూటలు ఇక్కడ విప్పేవారని, ‘సిక్కా ఖోల్’ అంటే నాణేల మూట విప్పు అనే మాట నుంచి ఆ పేరొచ్చిందని ఊళ్లో ఒక కథ చెబుతారు. కథ ముచ్చటగానే ఉంది. కానీ శ్రీకాకుళం అన్న మాటను పర్షియన్ కలం మీదుగా, ఆ పైన ఇంగ్లిషు కలం మీదుగా నడిపిస్తే చికాకోల్ కావడానికి నాణేల మూట అక్కర్లేదు.

ఇంగ్లిషువాళ్లు మన పేర్లను పాడుచేశారని కోపగించుకునే ముందు, వాళ్ల సొంత మాటలకు పట్టిన గతి చూడాలి. పల్లెబడిలో కొత్తగా ఇంగ్లిషు నేర్చే పిల్ల ‘నేమ్’ అన్న మాటను అక్షరాలు కలుపుకుని ‘నామె’ అని చదువుతుంది. తరగతంతా నవ్వుతుంది. నిజానికి ఆ పిల్ల తప్పేమీ చదవలేదు, ఆరు వందల ఏళ్లు ఆలస్యంగా చదివింది. 14వ శతాబ్దంలో చాసర్ కవి కాలపు ఇంగ్లిషువాళ్లు ఆ మాటను ఇంచుమించు అలాగే పలికేవారు. మన ‘నామం’ దానికి దాయాది. రాత్రిని చెప్పే ‘నైట్’ మధ్యలో ఊరకే కూర్చున్న జి, హెచ్ కూడా ఒకప్పుడు గొంతులో గరగరలాడేవి, సంస్కృతంలోని ‘నక్తం’లో ‘క’ వినిపించినట్టే. కత్తిని చెప్పే ‘నైఫ్’ ముందున్న కె అప్పట్లో పలికేది.

మరి రాత ఎందుకు ఆగిపోయింది? 1400 నుంచి 1700 దాకా ఇంగ్లిషు దీర్ఘాచ్చులన్నీ ఒకదాని వెంట ఒకటి చోటు మారాయి. ‘ఆ’ ఉండేచోటికి ‘ఏ’, ‘ఈ’ ఉండేచోటికి ‘ఐ’ వచ్చాయి. సరిగ్గా ఆ కదలిక మధ్యలో, 1476లో, విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. కదిలే బండిని ఫొటో తీసినట్టు అప్పటి రాతలు సీసపు అచ్చుల్లో బిగుసుకున్నాయి. బండి మాత్రం ఆగలేదు.

దానికి తోడు పండితులు. అప్పును చెప్పే ‘డెట్’ ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దాంట్లో బి లేదు. లాటిన్‌లో ‘డెబిటుమ్’ అని ఉంది కదా, మూలం కనబడొద్దా అంటూ బిని తెచ్చి ఇరికించారు. ద్వీపాన్ని చెప్పే ‘ఐలండ్’కు లాటిన్‌తో సంబంధమే లేదు. అయినా అటువైపు మాటనుకుని దాంట్లో ఎస్ దూర్చారు. అప్పట్నుంచి ఇంగ్లిషు నేర్చే ప్రతి బిడ్డా ఆ పండితుల బాకీ తీరుస్తూనే ఉంది.

మనం పలికినట్టే రాస్తాం, రాసినట్టే పలుకుతాం అని తెలుగువాళ్లు ఇక్కడ కాస్త మీసం దువ్వుతారు. చాలావరకు నిజమే. కానీ చాప, చిలక రెంట్లోనూ ‘చ’ ఒకటేనా? చాపలో నాలుక పళ్ల దగ్గరికి పోతుంది, చిలకలో వెనక్కి తగ్గుతుంది. అక్షరం ఒకటే. ‘వచ్చాడు’ అనేటప్పుడు ‘చ’ తర్వాత పలికేది ‘ఆ’ కాదు, ‘ఏ’ కాదు, బ్యాంకులో వినిపించేలాంటి అచ్చు. దానికి తెలుగులో అక్షరం లేదు. అందుకే కొందరు వచ్చాడు అనీ, ఉత్తరాంధ్ర రచయితల్లో చాలామంది వచ్చేడు అనీ రాశారు. రెండూ గురి చూసి కొట్టినవే, రెండూ పక్కనే పడ్డాయి.

‘డెట్’లో బి లాంటి మూగ అక్షరం మనకూ ఉండేది. దాని పేరు అరసున్న. వాఁడు, మూఁడు, తెలుఁగు అని రాయకపోతే ఒకప్పుడు మార్కులు పోయేవి. ఆ అరసున్న ఉత్తినే పుట్టలేదు. ‘వాండు’లో పూర్తిగా పలికిన సున్న క్రమంగా ముక్కులోకి సన్నగిల్లి, చివరికి మాయమైంది. తమిళంలో మూడును ఇప్పటికీ ‘మూన్ఱు’ అనే రాస్తారు. రాయలసీమ నోట ‘వాండ్లు’ ఇంకా బతికే ఉంది. నోట్లోంచి పోయిన ధ్వని కాగితం మీద అరచంద్రంలా మిగిలిపోతే, ఎక్కడ పెట్టాలో వ్యాకరణం చూసి బట్టీ పట్టాల్సి వచ్చేది. గుఱ్ఱం, చెఱువులలోని బండి ఱ కథా ఇంతే.

ఆ బట్టీ మీద తిరగబడినవాడు ఈ నేల బిడ్డే. గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టాడు. ముఖలింగం గుడి రాళ్ల మీద శాసనాలను తనంతట తానే చదవడం నేర్చుకున్నాడు. ఒక అక్షరం కాలంతో పాటు ఎలా ఒళ్లు మార్చుకుంటుందో రాతి మీద చూసినవాడికి, రాత మారకూడదనే వాదన మీద నమ్మకం కుదరకపోవడంలో వింతేముంది? వంశధార దిగువన శాలిహుండం బౌద్ధ క్షేత్రంలో బ్రాహ్మి రాతలున్నాయి. తెలుగు లిపి ఆ బ్రాహ్మి సంతతే. బ్రాహ్మికి కూడా పశ్చిమాసియాలోని అరమాయిక్ లిపితో చుట్టరికం ఉందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అదే నిజమైతే ఎద్దు తల బొమ్మ నుంచి పుట్టి తలకిందులైన ఇంగ్లిషు ఎ, గంటం కింద తాటాకు చిరగకుండా గుండ్రబడిందని చెప్పే మన అ, దూరపు దాయాదులే.

1880లో గిడుగు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యాడు. 1900లో నౌపడ నుంచి చిన్నరైలు పడింది ఆ ఊరికే. 20వ శతాబ్దం తొలి దశకంలో పాఠశాలల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన యేట్స్ దొర, పుస్తకంలోని తెలుగుకూ పిల్లలు మాట్లాడే తెలుగుకూ ఇంత దూరమెందుకని అడిగాడు. ఆ ప్రశ్న పట్టుకుని గిడుగు చేసిన వాడుక భాషా పోరాటం అందరూ ఎరిగిందే. ఈ వ్యాసం అరసున్నలు లేకుండా అచ్చవుతున్నదంటే అందులో ఆయన వాటా ఉంది.

తెలుగువాళ్లు అంతగా తలచుకోనిది ఆయన సవర పని. మందస, సీతంపేట, పర్లాకిమిడి కొండల్లో సవరలు మాట్లాడే భాషకు అప్పటికి రాత లేదు. తెలుగు వచ్చిన సవర మనిషి దగ్గర కూర్చుని ఆ భాష నేర్చుకుని, తెలుగు లిపిలో దానికి పుస్తకాలు తయారుచేశాడు. మాట మధ్యలో గొంతు దగ్గర గాలిని చటుక్కున ఆపి వదిలే ధ్వని సవరలో ఉంది. తెలుగులో దానికి అక్షరం లేదు. పరాయి లిపిలో ఇమడని ధ్వనికి ఏం చేయాలనే చిక్కు, విన్ అక్షరాన్ని అరువు తెచ్చుకున్న ఇంగ్లండు సన్యాసులదీ పర్లాకిమిడి మాస్టారిదీ ఒకటే. ఆయన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది.

1936 ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లిపోయింది. గిడుగు ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరాడు. అదే ఏడాది, కొండలకు అవతలి వైపు గుణుపురం ప్రాంతంలో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొంతంగా ఒక లిపి కట్టాడు. పేరు సొరా సోంపెంగ్. అందులోని 24 అక్షరాలకు సవర దేవతల పేర్లే పెట్టారు. 2012లో ఆ లిపి కంప్యూటర్లు గుర్తించే యూనికోడ్‌లోకి ఎక్కింది. ఇవాళ ఒకే సవర మాటను ఎవరు, ఎక్కడ రాస్తున్నారన్న దాన్ని బట్టి తెలుగు, ఒడియా, రోమన్, సోంపెంగ్ అక్షరాల్లో చూడొచ్చు.

గుణుపురం దాకా వెళ్లే ఆ రైలు దారి ఇప్పటికీ నౌపడ దగ్గరే చీలుతుంది. స్టేషను పేరును ఇంగ్లిషులో ఇప్పుడు రాసే తీరులో డబ్ల్యూ లేదు. రైల్వే కోడులో మాత్రం ఉంది: ఎన్, డబ్ల్యూ, పి. అక్కణ్ణుంచి విశాఖ వైపు రైలెక్కి, ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు టికెట్టు తీసుకుంటే దాని కోడు సి, హెచ్, ఇ. చికాకోల్‌లోని మొదటి రెండక్షరాలూ చివరి అక్షరమూ అవే.